ఓవర్‌క్లాక్ చేయకుండా వాడుతున్నవాళ్లు ఎందుకు చేయలేదో చెప్పండి (మన ఎండలు, మన కరెంటు లెక్కలో పెట్టుకుని)

#1 వశిష్ఠ గట్టు (పాలకొల్లు)

అందరికీ నమస్కారమండి. పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా పని. కోర్ ఐ7-14700కె ప్రాసెసర్, జెడ్790 బోర్డు, 64 జీబీ డీడీఆర్5 ర్యామ్‌తో కొత్త సిస్టమ్ కట్టించాను. స్టూడియోకి వచ్చేవాళ్లలో కంప్యూటర్ సంగతి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "కె కొన్నావు, జెడ్ బోర్డు కొన్నావు, ఓవర్‌క్లాక్ చేయకపోతే ఎందుకు కొన్నట్టు?"

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ నిర్ణయించిన వేగం కన్నా పైకి నడపడం. ఇంటెల్‌లో పేరు చివర కె ఉన్న ప్రాసెసర్, జెడ్ బోర్డు దానికి వీలిచ్చేవి. నేను చేయదలచుకోలేదు. ఈ ప్రాసెసర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే ఒకటి రెండు కోర్లను 5.6 గిగాహెర్ట్‌జ్ దాకా తనంతట తానే తీసుకెళ్తుంది. నేను తంటాలు పడి దాన్ని 5.8 చేశాననుకోండి, పెరిగింది నాలుగు శాతం కూడా లేదు. గంట పట్టే రెండర్‌లో (ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తయారుచేయడం) రెండు నిమిషాలు కలిసొస్తాయి. అదీ పనంతా ప్రాసెసర్ మీదే నడిస్తే. మా ఎక్స్‌పోర్ట్‌లు చాలావరకు గ్రాఫిక్స్‌లో ఉండే ఎన్‌కోడర్ మీద నడుస్తాయి కాబట్టి ఆ రెండు నిమిషాలు కూడా చేతికి రావు.

కె కొన్నది దండగ అంటే నేను ఒప్పుకోను. కె లేని 14700 గరిష్ఠ వేగం 5.4. దానికి ఇచ్చిన వాట్ల పరిమితి కూడా తక్కువ. కె అయితే ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే 5.6 వస్తుంది. జెడ్ బోర్డు తీసుకున్నది ఎస్‌ఎస్‌డీ స్లాట్లు ఎక్కువని, ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే సర్క్యూట్ గట్టిదని.

అన్నిటికన్నా పెద్ద కారణం వేరే ఉంది. మాకు ముహూర్తాలు వరసగా ఉండేది వైశాఖం, జ్యేష్ఠం. అంటే సిస్టమ్ రాత్రీ పగలూ నడవాల్సిన రోజులూ, గదిలో కూర్చోలేని రోజులూ ఒకటే. ఇక్కడివాళ్లు మీ మీ అనుభవంలో ఎందుకు వద్దనుకున్నారో రాస్తే అడిగినవాళ్లందరికీ ఈ లింకే ఇస్తాను.

#2 పుష్కర్ ఘాట్ (రాజమండ్రి)

మంచి ప్రశ్న వేశారండి. తొంభైల చివరి నుంచి సిస్టమ్స్ బిగిస్తున్నాను కాబట్టి ముందు కొంచెం పాత సంగతి చెప్తాను. అది తెలియకపోతే ఈ "చేయవా?" అన్న ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాదు.

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ వచ్చింది. దాని బస్సు (ప్రాసెసర్‌కి, బోర్డుకి మధ్య దారి) వేగం 66 మెగాహెర్ట్‌జ్. బోర్డులో దాన్ని 100 చేస్తే 300 కాస్తా 450 అయ్యేది, చాలా చిప్‌లు హాయిగా నిలబడేవి కూడా. 450 పెంటియం 2కి, దీనికి ధరలో ఎంతో తేడా. ఒకటిన్నర రెట్లు వేగం, ఊరికే! 2007లో కోర్ 2 క్వాడ్ క్యూ6600 వచ్చినప్పుడూ అంతే, బస్సు 266 నుంచి 333 చేస్తే 2.4 గిగాహెర్ట్‌జ్ 3 అయ్యేది. 2011లో ఐ5-2500కె అయితే 3.3 నుంచి 4.5 దాకా వెళ్లిన చిప్‌లు ఎన్నో. ఆ రోజుల్లో చేయనివాళ్లకి నేనే దగ్గరుండి చేసిపెట్టేవాణ్ణి.

అప్పట్లో కంపెనీ చాలా మిగులు వదిలేది. ఇప్పుడు వదలడం లేదు. 2008లో నెహాలెమ్‌తో టర్బో బూస్ట్ వచ్చినప్పటి నుంచి చిప్ తన వేడి, తన కరెంటు తానే కొలుచుకుని వేగం తానే పెంచుకోవడం మొదలుపెట్టింది. 2017లో ఏఎండీ రైజెన్ వచ్చాక రెండు కంపెనీలూ పోటీపడి ఆ మిగులును డబ్బాలో పెట్టే ముందే పిండేస్తున్నాయి. ఈ రోజు మీరు కొనేది కంపెనీయే ఓవర్‌క్లాక్ చేసి, గ్యారంటీ ఇచ్చి అమ్ముతున్న చిప్.

ఇంకా కొంచెం మిగులు ఉంటుంది, నిజమే. అది దేనికోసం ఉంచారో ఆలోచించాలి. వేడి గదికి, పాతబడే చిప్‌కి, లోడు ఒక్కసారి పడినప్పుడు కిందికి జారే వోల్టేజీకి. చల్లని దేశంలో ఏసీ గదిలో ఉన్నవాడికి అది వాడుకోని మిగులు. మే నెలలో మన దగ్గర ఆ మిగులు రోజూ ఖర్చవుతూనే ఉంటుంది. దాన్నే మళ్లీ ఓవర్‌క్లాక్‌కి రాసిచ్చేస్తే చిప్‌కి వేరే ఆధారం ఉండదు.

నా దగ్గరకి వచ్చే కేసుల్లో ఒక తరహా బాగా గుర్తుపడతాను. డిసెంబరులోనో జనవరిలోనో ఓవర్‌క్లాక్ చేసి, రాత్రంతా టెస్ట్ పెట్టి, పాసయ్యిందని సంతోషించి వదిలేస్తారు. ఏప్రిల్ రాగానే నీలం తెర (విండోస్ హఠాత్తుగా ఆగిపోయినప్పుడు వచ్చేది). ర్యామ్ మార్చమంటారు, విండోస్ మళ్లీ వేయమంటారు. బయోస్‌లోకి (బోర్డు సెట్టింగులుండే చోటు) వెళ్లి అంతా డిఫాల్ట్‌కి పెడితే చాలు, ఏమీ మార్చకుండానే నడుస్తుంది.

#3 లంక కుర్రాడు (ముమ్మిడివరం)

పుష్కర్ అన్నా, ఒక డౌటు. కూలర్ పెద్దది పెడితే డిసెంబరు, ఏప్రిల్ తేడా ఎందుకుంటుంది? నేను ఇంజనీరింగ్ రెండో ఏడాది. రైజెన్ 7 7700ఎక్స్ ఉంది, 240 ఎంఎం లిక్విడ్ కూలర్ పెట్టాను. యూట్యూబ్‌లో చూస్తే దీన్ని ఇంకా పెంచి 80 డిగ్రీల్లో నడుపుతున్నారు. నాది ఏమీ చేయకుండానే 95 కొడుతోంది. టెన్షన్‌గా ఉంది.

#4 ఎర్తింగ్ మాస్టారు (తణుకు)

బాబూ, కూలర్ ఎంత పెద్దదైనా చిప్‌ని గది గాలి కన్నా చల్లగా చేయలేదు. లిక్విడ్ కూలర్ అన్నా చివరికి ఆ వేడిని వదలాల్సింది నీ గదిలో గాలిలోకే. కూలర్ బాగుందా లేదా అన్నది చిప్‌కి, గదికి మధ్య తేడా చూసి చెప్పాలి. గది 22 ఉన్నప్పుడు చిప్ 72 ఉందంటే తేడా 50. అదే లోడు, అదే ఫ్యాను, గది 38 అయితే చిప్ 88. వీడియోలు చేసేవాళ్లు చాలావరకు చల్లని గదుల్లో కూర్చుని చేస్తారు. వాళ్ల గదికన్నా నీ గది ఎంత వేడిగా ఉందో ఆ తేడా ముందు వాళ్ల అంకెకి కలుపుకోవాలి.

ఇక వేడి ఎందుకు అంతగా పెరుగుతుందో చెప్తాను. స్విచింగ్ వల్ల, అంటే ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవడం వల్ల, చిప్ తాగే పవర్ వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో కూడా పెరుగుతుంది. వేగం పది శాతం పెంచావు, అది నిలబడటానికి వోల్టేజీ కూడా పది శాతం పెంచావు అనుకో. 1.1 ని మూడుసార్లు హెచ్చవేస్తే 1.33. పది శాతం వేగానికి 33 శాతం ఎక్కువ వేడి. దానిమీద ఇంకోటి ఉంది. చిప్ వేడెక్కే కొద్దీ ట్రాన్సిస్టర్ల నుంచి ఊరికే కారిపోయే లీకేజీ కరెంటు పెరుగుతుంది, దానితో మళ్లీ వేడి. వేడెక్కిన ట్రాన్సిస్టర్ నెమ్మదిస్తుంది కూడా, అదే వేగం నిలబెట్టాలంటే ఇంకాస్త వోల్టేజీ కావాలి. పుష్కర్ ఘాట్ గారు చెప్పిన ఏప్రిల్ నీలం తెర వెనకున్నది ఇదే. డిసెంబరులో చాలిన వోల్టేజీ ఏప్రిల్లో చాలదు.

నీ 7700ఎక్స్ 95 కొట్టడం గురించి కంగారు వద్దు. ఆ వరస చిప్‌లని ఏఎండీ అలాగే తయారుచేసింది. గట్టి లోడు పడితే 95 దాకా వెళ్లి, అక్కడ వేగం సర్దుకుంటూ నడుస్తాయి.

ఇంకో మాట. మన వైపు చాలామంది "లో వోల్టేజీ వల్ల ప్రాసెసర్ పాడవుతుంది" అంటుంటారు. ఇంటి కరెంటు 180కి పడినా మంచి ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సినట్టు మార్చి ఇచ్చే డబ్బా) లోపల 12 వోల్టులు 12గానే ఇస్తుంది. 100 నుంచి 240 దాకా పనిచేసే రకం ఇప్పుడు మామూలే. అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఇన్‌పుట్ వోల్టేజీ తగ్గితే అది లాగే ఆంపియర్లు పెరుగుతాయి, ఎస్‌ఎంపీఎస్ వేడెక్కుతుంది. కరెంటు కన్ను కొట్టినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న ఛార్జీతో పూర్తి లోడు మీద 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే ఈదగలదు. మన 50 హెర్ట్‌జ్ కరెంటులో ఒక సైకిలే 20 మిల్లీసెకన్లు. లోడు తక్కువుంటే ఎక్కువసేపు నిలబడుతుంది. ఓవర్‌క్లాక్ చేసి వంద వాట్లు అదనంగా పెంచినవాడి సిస్టమ్ ముందు పడిపోతుంది, పక్కవాడిది నిలబడుతుంది.

యూపీఎస్ సంగతీ అంతే. 600 వీఏ అని రాసి ఉన్నవాటిలో చాలా రకాలు ఇచ్చేది 360 వాట్లు. కరెంటు పోయిన క్షణంలో సిస్టమ్ 400 లాగుతుంటే యూపీఎస్ ఉన్నా లేనట్టే.

#5 వశిష్ఠ గట్టు (పాలకొల్లు)

మాస్టారూ, ఆ యూపీఎస్ మాట నూటికి నూరుపాళ్లు నిజమండి. సాయంత్రం పూట చెరువుల దగ్గర ఏరేటర్లన్నీ ఆన్ అయ్యాక మా ఫీడర్ మీద లైట్లు కిందికి మీదికి అవుతుంటాయి. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఏసీ ఉండదు, కానీ రెండర్ ఆగకూడదు. ఆ గంటలో ప్రతి వాటూ లెక్కే.

#6 కాకినాడ బెంచ్ (కాకినాడ)

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తానండి. నేను ఓవర్‌క్లాక్ చేస్తాను. ఇష్టంగా చేస్తాను.

మొదటి సంగతి, తక్కువ డబ్బున్న కుర్రాడికి ఇది నిజంగా ఉపయోగపడింది, ఇప్పటికీ పడుతోంది. సెకండ్ హ్యాండ్‌లో పాత 2500కె తీసుకుని 4.4 దగ్గర నడిపితే వాడికి ఇంకో రెండేళ్లు గడుస్తుంది. "మిగులు లేదు" అన్నది కొత్త చిప్‌ల మాట.

రెండోది, దీనివల్ల వచ్చే చదువు. వోల్టేజీ అంటే ఏంటి, లోడు లైన్ అంటే ఏంటి, ర్యామ్ టైమింగులు దేనికి, గాలి కేబినెట్లో ఎటు నుంచి ఎటు పోవాలి... ఇవన్నీ నాకు క్లాసులో రాలేదు. బయోస్‌లో కూర్చుంటే వచ్చాయి. 2023లో ఐ9-14900కెఎఫ్‌ని ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్‌జ్ దాటించినప్పుడు రాత్రంతా దాని గురించే చదివాను. అదేదో పిచ్చి పని అని కొట్టిపారేస్తే నాకు బాధగా ఉంటుంది.

అయితే నేను చేసేది విడి మెషీన్ మీద. అందులో విండోస్ తప్ప ఏమీ ఉండదు. మా నాన్నగారి కొట్టు లెక్కలున్న కంప్యూటర్ మీద చేయి వేయను. వశిష్ఠ గారిలా కస్టమర్ల ఫుటేజీ ఉన్న సిస్టమ్ మీద ఎవరైనా చేస్తానంటే నేనే వద్దంటాను. నా అభ్యంతరమల్లా "ఎవ్వరూ చేయొద్దు" అనడం మీదే.

#7 పుష్కర్ ఘాట్ (రాజమండ్రి)

కాకినాడ తమ్ముడూ, నువ్వు చెప్పినదాంట్లో నేను కాదనేది ఏమీ లేదు. విడి మెషీన్, పోగొట్టుకోవడానికి ఏమీ లేని డిస్కు, చేసేవాడికి ఏం చేస్తున్నాడో తెలియడం. ఈ మూడూ ఉంటే నిక్షేపంగా చేసుకోవచ్చు. నేను కుర్రాళ్లకి అదే చెప్తాను.

ఆయుష్షు మాట ఒకటి మాత్రం చేర్చాలి. చిప్ లోపలి తీగల్లో కరెంటు సాంద్రత, వేడి రెండూ పెరిగితే లోహపు అణువులు నెమ్మదిగా జరిగిపోతాయి. ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. 2002, 2003 ప్రాంతంలో పెంటియం 4 నార్త్‌వుడ్ చిప్‌లకి 1.7 వోల్టులు దాటించినవాళ్లవి బాగానే నడుస్తూ నడుస్తూ ఒక రోజు హఠాత్తుగా పోయేవి. మామూలు వోల్టేజీలో ఉన్న ప్రాసెసర్ పోవడం నేను చాలా అరుదుగా చూశాను. బోర్డు పోతుంది, ఎస్‌ఎంపీఎస్ పోతుంది, హార్డ్ డిస్కు పోతుంది, ప్రాసెసర్ మాత్రం మిగులుతుంది. సిస్టమ్ మొత్తంలో అంత నమ్మకస్తురాలైన వస్తువుని మనమే అనుమానించాల్సిన స్థితికి తెచ్చుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఏదైనా తేడా వచ్చినప్పుడు "ఇది ఓవర్‌క్లాక్ వల్లా, ర్యామ్ వల్లా, విండోస్ వల్లా?" అని వెతకడానికి పట్టే రోజులు ఎవరూ లెక్కేయరు.

#8 జమాఖర్చు (రాజోలు)

నమస్కారం. నేను ఓ పాతిక మంది వ్యాపారుల లెక్కలు చూస్తాను. కొబ్బరి వ్యాపారులు, రెండు రైస్ మిల్లులు, ఎరువుల షాపులు. నెలలో 11వ తేదీ జీఎస్టీఆర్-1, 20వ తేదీ 3బి, రెండూ జీఎస్టీ రిటర్నుల గడువులు. ఆ రెండు తేదీల ముందు రోజుల్లో నా కంప్యూటర్ ఆగిందంటే జరిమానా వాళ్లకి పడుతుంది, మాట నాకు పడుతుంది.

మీరంతా వేడి, ఆయుష్షు అంటున్నారు. నాకు వాటికన్నా పెద్ద భయం వేరే ఉంది. సిస్టమ్ ఆగిపోతే కనీసం ఆగిందని తెలుస్తుంది. ఆగకుండా తప్పు రాస్తే? మన మామూలు కంప్యూటర్లలో ర్యామ్‌కి ఈసీసీ ఉండదు, అంటే మెమరీ నుంచి బయటికి వచ్చిన అంకె తప్పో ఒప్పో చూసేవాడు లేడు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా ఫైలు లోపలి డేటా సరిగ్గా ఉందో లేదో చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) వేసి చూడదు. ర్యామ్‌లో ఒక్క బిట్ తిరగబడి డిస్కుకి వెళ్లిందంటే అది బ్యాకప్‌లోకి కూడా వెళ్తుంది, పాత బ్యాకప్ మీద కొత్తది ఎక్కేస్తుంది. ఏడాది చివర్లో బ్యాలెన్స్ షీట్ కలవనప్పుడు తెలుస్తుంది. ఓవర్‌క్లాక్ చేసిన ప్రతి మెషీన్‌లో ఇలా జరుగుతుందని నేననడం లేదు. జరిగే అవకాశాన్ని నా చేత్తో నేను పెంచుకోను.

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో దీనిమీద ఒక పరిశీలన ప్రచురించారు. దాదాపు పది లక్షల మామూలు కంప్యూటర్ల క్రాష్ సమాచారం తీసుకుని చూస్తే, ఓవర్‌క్లాక్ చేసినవి చేయనివాటికన్నా స్పష్టంగా ఎక్కువగా క్రాష్ అయ్యాయి. నిర్ణయించిన వేగం కన్నా కొంచెం తక్కువలో నడిచేవి ఇంకా తక్కువగా క్రాష్ అయ్యాయి. అది చదివాక నాకు ఇంకో ఆలోచన రాలేదు.

#9 ఉప్పుటేరు (ఆకివీడు)

అక్కా, మరి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకేనా? అందరూ చేస్తారు కదా.

#10 పుష్కర్ ఘాట్ (రాజమండ్రి)

ఓవర్‌క్లాకే అండి. డబ్బా మీద 6000 అని పెద్దక్షరాలతో రాసి అమ్ముతారు కాబట్టి ఎవరూ అలా అనుకోరు. డీడీఆర్5 మామూలుగా మొదలయ్యేది 4800 దగ్గర. ఇంటెల్ ఎక్స్‌ఎంపీ, ఏఎండీ ఎక్స్‌పో ఈ రెండూ ర్యామ్‌ని, దానితోపాటు ప్రాసెసర్ లోపలున్న మెమరీ కంట్రోలర్‌ని నిర్ణీత హద్దు దాటించే ప్రొఫైళ్లు. ఏఎండీ వారంటీ నిబంధనల్లో ఓవర్‌క్లాకింగే కాదు, వోల్టేజీ తగ్గించడం కూడా హద్దు దాటడం కిందే రాసి ఉంటుంది.

2023 ఏప్రిల్లో రైజెన్ 7 7800ఎక్స్3డి చిప్‌లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాయి, గుర్తుందా? ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) మరీ పైకి లేపేశాయి. తర్వాత ఏఎండీ బయోస్ అప్‌డేట్‌తో దాన్ని 1.3 వోల్టుల దగ్గర కట్టడి చేసింది. పాపం వాళ్లలో చాలామంది తాము ఓవర్‌క్లాక్ చేశామనే అనుకోలేదు.

ఆటలు ఆడుకునే సిస్టమ్‌లో ఎక్స్‌ఎంపీ పెట్టి, మెమ్‌టెస్ట్ (ర్యామ్ పరీక్ష) రాత్రంతా నడిపి, తప్పులు రాకపోతే ఉంచుతాను. జమాఖర్చు గారిలాంటి వాళ్ల సిస్టమ్‌లో పెట్టను. టాలీకి 4800 అయినా 6000 అయినా ఒకటే.

#11 వశిష్ఠ గట్టు (పాలకొల్లు)

పుష్కర్ గారూ, మీరు రాసింది చదివి నిన్న రాత్రి బయోస్‌లోకి వెళ్లి చూశాను. పవర్ లిమిట్ దగ్గర 4095 వాట్లు అని ఉంది! నేను ఏమీ ముట్టుకోలేదండి. ఇదేంటి?

#12 పుష్కర్ ఘాట్ (రాజమండ్రి)

4095 అంటే "పరిమితి లేదు" అని అర్థం. మీ ప్రాసెసర్‌కి ఇంటెల్ చెప్పిన గరిష్ఠ పరిమితి 253 వాట్లు. టెస్టుల్లో తమ బోర్డే ముందుండాలని చాలా బోర్డు కంపెనీలు ఏళ్ల తరబడి ఇలాంటి డిఫాల్ట్‌లే పెట్టి పంపాయి. దీన్ని వెంటనే మార్చండి, రేపటికి వాయిదా వేయకండి.

మీది 14వ తరం కాబట్టి ఇంకా ముఖ్యం. 13, 14 తరాల్లో పెద్ద చిప్‌లు కొన్ని ఏ ఓవర్‌క్లాకూ లేకుండానే కాలం గడిచేకొద్దీ అస్థిరంగా మారాయి. ఆటలు మధ్యలో ఆగిపోవడం, జిప్ ఫైళ్లు విప్పుతుంటే ఎర్రర్లు రావడం. చిప్‌కి అందుతున్న వోల్టేజీ అవసరానికి మించి ఉండటం దీనికి ముఖ్య కారణమని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో ఇంకొకటి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, డబ్బాలో కొన్న ప్రాసెసర్లకి వారంటీ రెండేళ్లు పెంచింది. అయితే ఆ సవరణ ముందు ముందు జరిగే నష్టాన్ని ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు.

మీరు చేయాల్సినవి చెప్తాను. బోర్డు కంపెనీ సైట్ నుంచి తాజా బయోస్ వేయండి. వేసేటప్పుడు కరెంటు పోకుండా చూసుకోండి, యూపీఎస్ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ఆ తర్వాత "ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్" అనే ప్రొఫైల్ ఎంచుకోండి. "మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్" అని కనపడితే ఆపేయండి. పవర్ లిమిట్ 253 చూపిస్తోందో లేదో చూడండి. బిల్లు, డబ్బా రెండూ జాగ్రత్తగా దాచండి.

#13 కాకినాడ బెంచ్ (కాకినాడ)

ఇది చాలా ముఖ్యమైన విషయం, పైకి పిన్ చేయాలి. ఓవర్‌క్లాక్ వద్దనుకున్నవాళ్లు కూడా ఒకసారి బయోస్ తెరిచి చూడాల్సిందే. వద్దనుకున్న పని బోర్డు వాళ్ల తరఫున చేసేస్తోంది.

#14 ఆక్వా ల్యాబ్ (భీమవరం)

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మా ల్యాబ్‌లో రొయ్య పిల్లకి వైట్ స్పాట్ (వైరస్ జబ్బు) ఉందో లేదో పీసీఆర్ టెస్టు చేస్తాం. మెషీన్‌కి కట్టిన కంప్యూటర్ రన్ మధ్యలో ఆగితే శాంపిల్స్ మళ్లీ మొదటి నుంచి పెట్టాలి, పిల్ల కొనడానికి వచ్చిన రైతు మాత్రం రిపోర్టు కోసం బయట కూర్చుని ఉంటాడు. మా దగ్గర ఓవర్‌క్లాక్ మాటే ఎత్తరు.

చదువుతుంటే నాకు మా రైతులే గుర్తొచ్చారు. ఎకరాకి వేయాల్సిన దానికన్నా పిల్ల ఎక్కువ వేస్తే, అంతా సవ్యంగా ఉన్నన్నాళ్లూ దిగుబడి ఎక్కువే వస్తుంది. ఒక్క రాత్రి కరెంటు పోయి, జనరేటర్ లేటయ్యి, ఆక్సిజన్ పడిపోతే పలచగా వేసినవాడి చెరువు తెల్లారేదాకా తట్టుకుంటుంది, చిక్కగా వేసినవాడిది తట్టుకోదు. మాస్టారు చెప్పిన 16 మిల్లీసెకన్ల లెక్క అచ్చంగా అదే.

ఇంకెవరూ రాయని సంగతి ఒకటుంది. సముద్రం దగ్గర ఊళ్లలో, నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు, గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. ఫ్యాన్ బేరింగులు తొందరగా అరుస్తాయి, కేబినెట్ స్క్రూలు తుప్పు పడతాయి. తేమకి దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య అంటుకుని పేస్టులా గట్టిపడుతుంది, బ్లోయర్‌కి కూడా రాదు. రైస్ మిల్లు దగ్గరైతే ఊక ధూళి దీనికి తోడు. కొత్తలో 50 డిగ్రీల తేడాతో నడిచిన కూలర్ ఏడాది తిరిగేసరికి 60 తేడాతో నడవడం వింతేమీ కాదు. ఓవర్‌క్లాక్ సెట్ చేసినరోజు కూలర్ వేరు, ఏడాది తర్వాత కూలర్ వేరు.

#15 ఉప్పుటేరు (ఆకివీడు)

మాది అదే బాధ. రెండు నెలలకోసారి విప్పి మెత్తటి బ్రష్‌తో తుడుస్తాను. నా ప్రాసెసర్ ఐ5-12400, హెచ్610 బోర్డు, ఓవర్‌క్లాక్ చేద్దామన్నా కుదరదు. అయినా 2.5 అని రాసి ఉన్నది 4.4 దాకా తానే వెళ్తోంది. కె ప్రాసెసర్, జెడ్ బోర్డు, పెద్ద కూలర్‌కి పెట్టాల్సిన తేడా డబ్బుతో ఒక టెరాబైట్ ఎస్‌ఎస్‌డీ, మంచి ఎస్‌ఎంపీఎస్ కొన్నాను. రోజూ తేడా తెలిసేది వాటితోనే.

#16 జమాఖర్చు (రాజోలు)

ఉప్పుటేరు తమ్ముడు సరైన లెక్క వేశాడు. కరెంటు బిల్లు లెక్క కూడా ఒకటి వేద్దాం. అదనంగా 60 వాట్లు, రోజుకి 8 గంటలు అనుకుంటే 0.48 యూనిట్లు. నెలకి 14 యూనిట్ల పైన. ఆ 60 వాట్ల వేడిని గదిలోంచి బయటికి తోడటానికి ఏసీ తాగేది వేరు. శ్లాబు దాటే ఇంట్లో అయితే ఆ 14 యూనిట్లు పై రేటులోనే పడతాయి.

#17 వశిష్ఠ గట్టు (పాలకొల్లు)

బయోస్ వేశాను. ఇంటెల్ డిఫాల్ట్ పెట్టాను, ఇప్పుడు 253 చూపిస్తోంది. మొన్న చేసిన ప్రాజెక్టే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి చూశాను. పట్టిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఫ్యాన్ల మోత మాత్రం బాగా తగ్గింది. జిప్ టెస్టులు, మెమ్‌టెస్ట్ శుభ్రంగా పాసయ్యాయి. పుష్కర్ గారికి, మాస్టారికి నమస్కారాలు.

#18 లంక కుర్రాడు (ముమ్మిడివరం)

అయితే నేను అటు వైపు కాకుండా ఇటు వైపు వెళ్దామనుకుంటున్నా. 7700ఎక్స్‌ని 65 వాట్ల ఎకో మోడ్‌లో (తక్కువ పవర్‌తో నడిపే సెట్టింగు) పెట్టొచ్చని చదివాను. వేగం ఎంత పోతుంది? ఎక్కడుంటుంది అది? బయోస్‌లో వెతికితే దొరకలేదు.

#19 కాకినాడ బెంచ్ (కాకినాడ)

ఆటల్లో నీకు తేడా దాదాపు తెలియదు తమ్ముడూ. అన్ని కోర్లూ ఒకేసారి పనిచేసే రెండరింగ్ లాంటి వాటిలో కొంత తగ్గుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. నీ ముమ్మిడివరం ఎండకి అది మంచి బేరం.

బయోస్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే "ఏఎండీ ఓవర్‌క్లాకింగ్" అని ఉంటుంది. పేరు చూసి వెనక్కి రాకు, అందులోనే ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు వచ్చే హెచ్చరిక చదివి ఒప్పుకో. ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ తెరిచి, పైన ఆటో అని ఉన్నదాన్ని ఎకో మోడ్‌కి మార్చి 65 ఎంచుకో. కొన్ని బోర్డుల్లో ఎకో మోడ్ విడిగా ఒక వరసలో ఉంటుంది. కర్వ్ ఆప్టిమైజర్ అని కనపడుతుంది, దాని జోలికి ఇప్పుడే వెళ్లకు. అది కూడా వోల్టేజీతో ఆటే, పరీక్షలయ్యాక తీరిగ్గా కూర్చుందాం. మార్చాక మధ్యాహ్నం రెండింటికి, ఏసీ లేకుండా, గంటసేపు సినీబెంచ్ (ప్రాసెసర్ మీద పూర్తి లోడు పెట్టే టెస్టు) నడిపి ఉష్ణోగ్రత ఎంత వచ్చిందో ఇక్కడ రాయి. గది ఎంత ఉందో కూడా రాయి, అది లేకపోతే నీ అంకె ఎవరికీ పనికిరాదు.

#20 లంక కుర్రాడు (ముమ్మిడివరం)

దొరికింది అన్నా, ఆటో కిందే ఉంది. గది 36, ప్రాసెసర్ 71.